మజ్జిగ సీసాకు మడత మూత: కీలు తడవని చోట ఉండాలి

అనంతపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. మజ్జిగ, రాగి అంబలి అరలీటరు స్టీలు సీసాల్లో పోసి ఆఫీసులకు, కోచింగ్ సెంటర్లకు పంపుతున్నారు. సాయంత్రం ఖాళీ సీసాలు తెచ్చుకుని, కడిగి, మళ్లీ వాడుతున్నారు. విడి మూతలు పోతున్నాయని సీసాకే అంటుకుని ఉండే మడత మూతలు కొన్నారు. నెల తిరిగేసరికి మూతలు వాసన వేస్తున్నాయి, కీలు దగ్గర నల్లగా పాచి పడుతోంది. ఇప్పుడు సొంతంగా అచ్చు చేయించుకుని శుభ్రంగా ఉండే మూత తయారు చేయించాలనుకుంటున్నారు. డిజైన్ ఎలా ఉండాలి?

సూటి జవాబు ముందు చెబుతాను. కీలు ద్రవం చేరని చోట ఉండాలి. కీలుకు ఇనుప పుల్ల ఉండకూడదు. మూతను ఏ పక్కకు బోర్లించినా నీటి చుక్క నిలిచే గుంట ఉండకూడదు. తెరిచే వేలు తాగే అంచుకు తగలకూడదు. మూత పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేయించండి. అంబలికి మాత్రం మడత మూత అసలు వద్దు, కారణం కింద చెబుతాను.

నేను ఇరవై రెండేళ్లు హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు ప్లాస్టిక్ అచ్చుల పని చేసి, ఆరేళ్ల కిందట కడపకు తిరిగి వచ్చాను. నూనె సీసాలు, షాంపూ సీసాలు, పిల్లల నీళ్ల సీసాలు, అన్నిటికీ మూతలు చేశాను. వీటిలో తాగే సీసా మూతే కష్టం. షాంపూ మూతలో పాచి పడితే ఎవరికీ కడుపునొప్పి రాదు.

మీరు కొన్నటువంటి మూతే మా అమ్మాయి కాలేజీ సీసాకు ఉంది. మీ ప్రశ్న చదివాక దాన్ని బల్ల మీద పెట్టి, సన్నటి మేకుతో కీలు పుల్లను బయటకు తోశాను. పుల్ల 2 మిల్లీమీటర్ల లావు, రంధ్రం 2.2. పుల్ల మీద నల్లటి పూత ఉంది, అగ్గిపుల్ల కొనతో గీస్తే వెన్నలా లేచి వచ్చింది. మా ఇంట్లో ఆ సీసాను రోజూ కడుగుతాం. అయినా చుట్టూ ఉన్నది మిల్లీమీటరులో పదో వంతు సందు. బ్రష్షు కుచ్చు అందులోకి పోదు. మజ్జిగ పోతుంది, పోవడమే కాదు, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు సన్నటి సందు దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. బ్యాక్టీరియా పొడవు సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు, దానికి ఆ సందు రాజవీధి. మజ్జిగలో ఉప్పు, పులుపు రెండూ ఉంటాయి కాబట్టి నాసి రకం స్టీలు పుల్ల, బటన్ కింద ఉండే స్ప్రింగు తుప్పు పట్టడం కూడా మొదలవుతుంది. అందుకే బటన్ నొక్కగానే టప్పున తెరుచుకునే మూతలు చూడటానికి ముచ్చటగా ఉన్నా, మీ వ్యాపారానికి పనికిరావు.

అయితే కీలు దగ్గరికి మజ్జిగ ఎలా వచ్చింది? అందరూ కీలును తిడతారు కానీ అసలు ముద్దాయి వేరే. చాలా మూతల్లో తాగే మూతి చుట్టూ ఒక పల్లం ఉంటుంది, కోట చుట్టూ కందకంలా. తాగి సీసా దించగానే అంచు మీద నుంచి జారిన నాలుగు చుక్కలు ఆ కందకంలో చేరతాయి. మూత మూయగానే అక్కడ గాలి ఆడదు. ఆ నీరు కదిలినప్పుడల్లా కీలు వైపు పారుతుంది. కాబట్టి మీ డిజైన్‌లో మొదట పూడ్చవలసింది ఆ కందకాన్ని. మూతి చుట్టూ ఉన్న పైభాగం మూతి నుంచి బయటి వైపుకు వాలుగా ఉండాలి, 4 లేదా 5 డిగ్రీల వాలు చాలు. మన మిద్దె మీద వాన నీరు పోవడానికి వాటం పెడతాం చూడండి, అదే లెక్క. మూతి అంచు ఆ పైభాగం కన్నా కనీసం 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి. కీలును మూతి నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో, వాలుకు కింది అంచున కాకుండా ఒక చిన్న గట్టు వెనక పెట్టండి. చుక్కలు రెండు పక్కల నుంచి జారిపోతాయి, కీలు పొడిగా ఉంటుంది.

లోపలి మూలలన్నీ గుండ్రంగా ఉండాలి. పాల డెయిరీల యంత్రాలు చేసేవారు లోపలి మూలకు కనీసం 3 మిల్లీమీటర్ల వంపు అడుగుతారు. చిన్న మూతలో ప్రతిచోటా అది కుదరదు, కుదిరిన చోట ఇవ్వండి. కుదరని చోట కనీసం కడిగే మనిషి చూపుడు వేలికి చుట్టిన గుడ్డకు అందేలా ఉంచండి. మూత లోపలి వైపు కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో వేయించుకోవాలని చాలామందికి సరదా. ఆ అక్షరాల మూలల్లో వెన్న పేరుకుంటుంది. పేరు బయట వేయించుకోండి.

మూసే పద్ధతి. మడత రెక్క లోపల చిన్న గొట్టంలా ఒక బిరడా ఉంటుంది, అది మూతి రంధ్రంలోకి బిగుతుగా దిగుతుంది. రంధ్రం కన్నా బిరడా 0.15 మిల్లీమీటర్లు లావుగా ఉంటే చాలు, వాషరు అవసరం లేదు. ఇలా మూసుకునే మూతలో కడగవలసిన విడి భాగం ఉండదు. ఇది 18, 20 మిల్లీమీటర్ల రంధ్రం వరకు బాగా పనిచేస్తుంది. అంతకన్నా పెద్దదైతే ప్లాస్టిక్ అచ్చులోంచి వచ్చాక ముడుచుకోవడంలో తేడాలు వచ్చి, గుండ్రంగా ఉండవలసినది కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, కారుతుంది.

మూతను సీసాకు తిప్పి బిగించే చుట్ల దగ్గర, అంటే మరల దగ్గర మాత్రం వాషరు తప్పదు. స్టీలు సీసాల మూతి అంచు ప్లాస్టిక్ సీసాల అంచులంత కచ్చితంగా ఉండదు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. వాషరును మరల పైన, లోతైన గాడిలో దూర్చి పెడతారు. మజ్జిగ ముందు గాడిలోకి పోయి తర్వాత వాషరు దగ్గర ఆగుతుంది. ఆగింది కాబట్టి కారడం లేదని సంతోషిస్తారు, గాడిలో నిలిచింది ఎవరికీ కనబడదు. వాషరు లోపలి అంచు సీసా లోపలి గోడతో సమానంగా ఉండాలి, అంటే మజ్జిగకు మొదట తగిలేది వాషరే కావాలి. అప్పుడు మరలకూ తడి చేరదు. వాషరుకు పట్టుకుని లాగడానికి చిన్న తోక పెట్టించండి. మూత తెలుపైతే వాషరు నీలం లేదా ఎరుపు వేయించండి, కడిగిన తర్వాత పెట్టడం మరిచిపోతే దూరం నుంచే తెలుస్తుంది.

వాషరు ఆహార పదార్థాలకు తగిన సిలికాన్‌తో చేసినదై ఉండాలి. కానీ సిలికాన్‌కు ఒక గుణం ఉంది, వాసన పీల్చుకుంటుంది. మీ మజ్జిగలో ఇంగువ వేస్తారని రాశారు. ఇంగువ తాలింపు మజ్జిగ పోసిన వాషరుతో మర్నాడు మంచినీళ్లు ఇవ్వలేరు. వారానికోసారి నీళ్లలో మరిగించి గాలికి ఆరబెట్టండి, కొంత తగ్గుతుంది. మజ్జిగ సీసాల వాషర్లు మజ్జిగకే ఉంచడం ఇంకా మంచిది. అవి ఖరీదైన వస్తువులు కావు, కాలాన్ని బట్టి మార్చేయండి.

కీలు. పాలీప్రొపిలీన్‌కు ఉన్న గొప్పతనం అంతా ఇక్కడే. 0.25 నుంచి 0.4 మిల్లీమీటర్ల పలుచటి పొరగా పోస్తే, దాన్నే కీలుగా వేల సార్లు మడవవచ్చు. పుల్ల లేదు, రంధ్రం లేదు, సందు లేదు. మూత, కీలు, రెక్క అన్నీ ఒకే ముక్క. కరిగిన ప్లాస్టిక్ ఆ సన్నటి దారి గుండా దూసుకుపోతున్నప్పుడు దాని పొడవాటి అణు గొలుసులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఏకిన పత్తికి బలం ఉండదు, అదే పత్తిని లాగి వడికితే దారమవుతుంది. ఆదోని పత్తి చూసినవారికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. అందుకే కరిగిన ప్లాస్టిక్ కీలు పొడవునా కాకుండా దాన్ని దాటుకుంటూ పారాలి. అచ్చులోంచి మూత వచ్చిన వెంటనే, వేడి ఆరకముందే, రెండు మూడు సార్లు పూర్తిగా మడిచి తెరవాలి. అప్పుడు గొలుసులు ఇంకా సాగి సర్దుకుంటాయి. చల్లారాక మొదటిసారి మడిస్తే ఆ లాభం పోతుంది.

నా మొదటి మడత మూతలో నేను చేసిన తప్పు కూడా చెబుతాను. అచ్చు త్వరగా నిండుతుందని రెండు పక్కల నుంచీ ప్లాస్టిక్ పంపే దారులు పెట్టాను, ఒకటి మూత వైపు, ఒకటి రెక్క వైపు. రెండు ప్రవాహాలు వచ్చి కలుసుకున్నది సరిగ్గా కీలు మీద. చూడటానికి మూత అద్దంలా వచ్చింది. రెండు వందల సార్లు కూడా మడవకముందే అతుకు దగ్గర చీలింది. అచ్చు మళ్లీ విప్పి, ఒక దారి మూసి, రెండోది పెద్దది చేయవలసి వచ్చింది. మీ అచ్చు చేసేవారిని మొదటి రోజే అడగండి: ప్లాస్టిక్ ఎటు నుంచి వస్తుంది, చివరగా ఎక్కడ కలుస్తుంది? కలిసే చోటు కీలుకు దూరంగా ఉండాలి.

రీసైకిల్ గుళికలు కలిపితే చవకగా వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. కీలుకూ పనికిరాదు, ఆహారానికీ పనికిరాదు. మీరు సీసాలను ఫ్రిజ్‌లో పెడతారు కనుక సాదా హోమో పాలీప్రొపిలీన్ కాకుండా కోపాలిమర్ రకం, అంటే మరో ముడిపదార్థం కూడా కలిపి చేసిన రకం అడగండి. సాదా రకం సున్నా డిగ్రీల దరిదాపుల్లో పెళుసెక్కుతుంది, చల్లటి సీసా చేయి జారితే రెక్క విరుగుతుంది. ఏబీఎస్, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్‌లు గట్టివే కానీ పలుచటి కీలుగా పనికిరావు.

ఇక ఎండ సంగతి. శుభ్రత అంటే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఎండలో ఆరబెట్టడం. స్టీలు సీసాను నిక్షేపంగా ఎండబెట్టండి. పాలీప్రొపిలీన్ మూతను మాత్రం మన మే నెల ఎండలో రోజూ మిద్దె మీద పరిస్తే అతినీలలోహిత కిరణాలకు అది పెళుసెక్కుతుంది, మొదట పోయేది పలుచటి కీలే. ప్రొద్దుటూరులో ఒక మజ్జిగ వ్యాపారికి చేసిచ్చిన మూతలు మూడు నెలల్లో విరుగుతున్నాయని ఫోను చేస్తే, అచ్చులో లోపమేమోనని కంగారుపడి వెళ్లాను. మేడెక్కి చూస్తే అప్పడాలు ఆరబోసినట్టు మూతలు. నీడలో, గాలి తగిలేచోట, రెక్క తెరిచి బోర్లించి పెట్టమన్నాను. ఆ తర్వాత ఫోను రాలేదు.

రెక్క ఎంత వరకు తెరుచుకోవాలి? దీనికి బయటి దేశాల నమూనాలు చూసి మోసపోకండి. ఐరోపాలో 2024 జూలై 3 నుంచి 3 లీటర్ల వరకు ఉండే ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పానీయాల సీసాలకు మూత అంటుకుని ఉండాలన్న నియమం అమల్లోకి వచ్చింది. దానికి కారణం శుభ్రత కాదు, మూతలు సముద్రపు ఒడ్డున చెత్తగా చేరడం. ఆ మూతలు పెదవి పెట్టి తాగేవారి కోసం చేసినవి. మన దగ్గర చాలామంది ఎత్తి తాగుతారు, ఎంగిలి కాకూడదని. సీసాను నోటికి జానెడు ఎత్తున వంచి పోసుకుంటే, సగం తెరిచిన రెక్క ధారకు అడ్డం వస్తుంది, మజ్జిగ రెక్క మీద పడి చొక్కా మీదికి వస్తుంది. ఆ రెక్కనే మళ్లీ మూసి సంచిలో పెడతారు. కాబట్టి రెక్క పూర్తిగా వెనక్కి, 180 డిగ్రీలకు పోయి అక్కడే ఆగాలి. మధ్యలో సన్నటి కీలు, దాని రెండు పక్కల చిన్న పట్టీలు పెడితే, సగం దాటగానే రెక్క దానంతట అదే వెనక్కి పడి నిలుస్తుంది. ఆ పట్టీల మధ్య ఖాళీలు ఆరపార ఉండాలి, అడుగు మూసుకుపోయి ఉండకూడదు.

ఎత్తి తాగేవారి కోసం ఇంకొకటి. మూతి అంచు బాగా గుండ్రంగా ఉంటే ద్రవం అంచును అంటిపెట్టుకుని బయటి గోడ వెంట కిందికి పాకుతుంది, టీ కూజాలో చూస్తుంటాం. అంచు పదునుగా ఉంటే ధార తెగిపోతుంది కానీ పెదవికి గుచ్చుకుంటుంది. నేను లోపలి అంచును గుండ్రంగా, బయటి అంచును 0.3 మిల్లీమీటర్ల చిన్న వంపుతో ఇచ్చి, అంచును కొద్దిగా బయటికి వంచుతాను. ఇది కాగితం మీద తేలదు, నమూనా చేసి మజ్జిగ పోసి చూడవలసిందే.

వేలు పెట్టి తెరిచే నాలుక మూతి అంచుకు కనీసం 10 మిల్లీమీటర్ల కింద, బయటి వైపు ఉండాలి. రెక్క మూతిని పూర్తిగా కప్పి, గోడల చుట్టూ టోపీలా దిగాలి, బస్సు ప్రయాణంలో మన దుమ్ము మూతి మీద చేరకుండా. గోలీ సోడా గుర్తుందా? 1872లో హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంటు తీసుకున్న సీసా అది, లోపలి ఒత్తిడే గోలీని పైకి నెట్టి రబ్బరు రింగుకు అదిమి మూసేస్తుంది. మూయడం వరకు ఎంతో తెలివైన ఆలోచన. తెరవడం మాత్రం సోడా బండి అబ్బాయి బొటనవేలితో, ఆ వేలు దిగిన చోటే మన పెదవి. మీ మూతలో ఆ బొటనవేలు ఉండకూడదు.

అంబలికి ఎందుకు వద్దన్నానంటే, మొదటి కారణం అది చిక్కన. ఎండిన గంజి బట్టను ఎలా బిరుసెక్కిస్తుందో తెలిసిందే, రాగి పిండి కూడా బిరడా చుట్టూ అలాగే పట్టుకుంటుంది. మర్నాడు మూత సరిగ్గా కూర్చోదు. రెండో కారణం గ్యాసు. అంబలి పులిసేకొద్దీ వాయువు పుడుతుంది. లోపల చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి పెరిగిందనుకోండి. 20 మిల్లీమీటర్ల మూతి మీద అది సుమారు 3 కిలోల తోపు. 45 మిల్లీమీటర్ల మూతి మీద దాదాపు 16 కిలోలు. కొక్కెం ఊడి రెక్క ముఖానికి తగులుతుంది, లేదా ఆటోలో సీసా దానంతట అదే తెరుచుకుంటుంది. సోడా పోస్తే ఈ ఒత్తిడి మూడు నాలుగు రెట్లు. అంబలికి వెడల్పాటి మూతి ఉన్న మామూలు మరమూత పెట్టి, మూత పోకుండా సీసా మెడకు పట్టీతో కట్టండి. మరలకు నిలువుగా రెండు చోట్ల కోతలు పెట్టిస్తే, మూత పూర్తిగా ఊడకముందే గ్యాసు బయటికి పోతుంది. మజ్జిగ కూడా ఎండలో ఉంటే పులుస్తుంది కాబట్టి మడత మూతలో బిరడా కొద్దిగా లేవగానే గాలి పోయేలా, రెక్క మాత్రం ఇంకా పట్టులోనే ఉండేలా చూడమనండి.

చట్టం సంగతి క్లుప్తంగా. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థం మొత్తం కిలోకు 60 మిల్లీగ్రాములు లేదా చదరపు డెసీమీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. భారతీయ ప్రమాణాల్లో (ఐఎస్) పాలీప్రొపిలీన్‌కు ఐఎస్ 10910, రంగులకు ఐఎస్ 9833 చూస్తారు. గుళికలు అమ్మేవారి దగ్గర ధ్రువపత్రం తీసుకోండి, తయారైన మూతను ఐఎస్ 9845 పద్ధతిలో పరీక్ష చేయించండి.

అచ్చుకు డబ్బు పెట్టే ముందు త్రీడీ ప్రింటుతో నమూనా చేయించుకోవచ్చు, కానీ అది ఆకారం, చేతికి పట్టు, ధార ఎలా పడుతుందో చూడటానికి మాత్రమే. ప్రింటు చేసిన ముక్కకు పొరల మధ్య గీతలుంటాయి, వాటిలో పాచి పడుతుంది. దాని కీలు కూడా విరుగుతుంది, కంగారుపడకండి, అసలు మూత అలా ఉండదు. తర్వాత ఒకే గడి ఉన్న, అంటే ఒకసారికి ఒక్క మూతే వచ్చే చిన్న అచ్చుతో కొన్ని వందల మూతలు తీసి పరీక్షించి, ఆ తర్వాతే పెద్ద అచ్చుకు వెళ్లండి.

నేను చేసే పరీక్ష ఇది, మీరూ చేయగలరు. మందుల దుకాణంలో బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ మాత్రలు దొరుకుతాయి. నాలుగైదు నూరి నీళ్లలో కలిపి, ఆ నీటితో సీసా నింపి, మూత పెట్టి తలకిందులు చేసి, తెరిచి మూసి, ఒక గంట ఉంచండి. ఇప్పుడు మీ దగ్గర సీసాలు కడిగే మనిషికే ఇవ్వండి, పరీక్ష అని చెప్పకండి, రోజూ ఎలా కడుగుతారో అలాగే కడగనివ్వండి. తర్వాత చీకటి గదిలో, నోట్లు సరిచూసే నీలి లైటు వేసి చూడండి. మిగిలిపోయిన చోటల్లా పసుపు పచ్చగా వెలుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నా మూత దీపావళి రాత్రిలా ఉంది, మరల మొదట్లో ఒక గీత, వాషరు కింద పూర్తి వలయం, కీలు దగ్గర రెండు చుక్కలు. ఎక్కడ వెలిగిందో అక్కడ డిజైన్ మార్చండి. కడిగే మనిషిని మందలించడం పరిష్కారం కాదు, వంద సీసాలు కడిగే చేతికి ఒక్కో మూతకు దొరికేది పది పదిహేను సెకన్లు.

దీనితో పాటు కీలును పది వేల సార్లు తెరిచి మూయండి. రోజుకు పదిసార్లు తెరిస్తే ఏడాదికి 3,650, అంటే పది వేలు రెండున్నరేళ్లకు పైబడిన పని. ఒక చిన్న మోటారు, ఒక చక్రం, ఒక పుల్ల ఉంటే యంత్రం తయారు.

మీ ఊరి బోరు నీటి గురించి కూడా ఆలోచించండి. ఉప్పు నీటితో కడిగి అలాగే ఆరనిస్తే బిరడా మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది, ఆ గరుకులో పాచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, మూత కారడం మొదలవుతుంది. చివరి జాలింపు మంచినీటితో చేయండి. వారానికోసారి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో మూతలు నానబెడితే పొర కరిగిపోతుంది.

రంగు ఏది బాగుంటుందని చివర్లో అడిగారు. మరకలు కనబడవని మీకు ముదురు రంగు ఎవరో సూచించారట. మరకలు కనబడాలి. తెలుపు వేయించండి, లేదా రంగు కలపకుండా పాలీప్రొపిలీన్ సహజంగా ఉండే పాలిపోయిన తెలుపులోనే వదిలేయండి. తాలింపు పసుపు కొంత అంటుకుని మూత వయసు తెలుస్తుంది, నల్లటి చుక్క పడిన రోజే కంటికి తగులుతుంది.